సమస్యాపూరణం: "కనబడనివాడె నటునిగా ఘనత కెక్కె"

ఈ వారపు సమస్య తేటగీతి చివరి పాదం:

కనబడనివాడె నటునిగా ఘనత కెక్కె

యతి స్థానంలో క-ఘ లకు, ఒకే వర్గపు అక్షరాలు గనుక, వర్గమైత్రి ఉన్నది. వస్తువు మాత్రం ఒక్కటే, బ్రిటిష్ నటుడు క్లాడ్ రెయిన్స్ జీవితం. ఆయన 1889 నవంబరు 10న లండన్‌లో పుట్టి, 1967 మే 30న అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో కన్నుమూశారు. నటుడంటేనే కనబడేవాడు కదా, కనబడకుండా ఘనత ఎలా వచ్చిందన్నదే చిక్కు. మనిషిని మాయం చేసే తిరస్కరిణీ విద్యనో, అంజనాన్నో తెచ్చి విప్పితే ఒప్పుకోను. ఆయన జీవితంలోని సంగతితోనే విప్పాలి.

మొదటి పూరణ (తెనాలి సభ్యులు)

కట్ల చాటున మొగమును గప్పి దాచి
గొంతు నొక్కటి మాత్రమె కొలువుదీర్చి
తుదకు నొకసారి చూపించి తొలగినట్టి
కనబడనివాడె నటునిగా ఘనత కెక్కె.

నిర్వాహకుని మాట: అందరికీ ముందుగా తట్టే దారి ఇదే అయినా పద్యం ధారగా నడిచింది. ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ 1897లో రాసిన నవలను దర్శకుడు జేమ్స్ వేల్ 1933లో తెరకెక్కించిన 'ది ఇన్విజిబుల్ మ్యాన్'లో, రెయిన్స్ ముఖం చిట్టచివర శవం మీద కొద్దిసేపు తప్ప ఎక్కడా కనబడదు. అప్పటికి ఆయనకు 44 ఏళ్ళు, హాలీవుడ్‌లో అదే తొలి వేషం. కట్లు విప్పుతూంటే లోపల ఏమీ లేని ఆ దృశ్యానికి ఆయన్ను తల నుంచి పాదం వరకు నల్లని మఖమలులో చుట్టి, దాని మీద మామూలు బట్టలు తొడిగి, నల్లని మఖమలు పరచిన గోడల ముందు నిలబెట్టి చిత్రించారు. నలుపులో నలుపు కలిసిపోగా మిగిలిన చొక్కానూ కోటునూ వేరే ఫిల్ము మీద తీసిన గదిలో అతికించారు. అంటే నటునికి మిగిలింది నిజంగానే గొంతు ఒక్కటే.

ఇక దోషం సంగతి. రెండవ పాదాన్ని పైకి చదివి చూడండి. "గొంతు నొక్కటి" అనగానే వినేవాడికి గొంతు నొక్కినట్టే తోస్తుంది. ఏ గొంతును పొగడాలని కూర్చున్నామో దాన్నే నులమడం భావ్యం కాదు. "కంఠ మొక్కటి మాత్రమె గద్దె కెత్తి" అంటే గణాలూ యతీ నిలుస్తాయి, అపార్థమూ పోతుంది.

తెనాలి సభ్యులు: రాసేటప్పుడు కంటికి కనబడలేదు, ఇప్పుడు చెవికి వినబడుతున్నది. సవరణను స్వీకరిస్తున్నాను.

రెండవ పూరణ (డాలస్ నుంచి ఒక సోదరి)

విషపు గాలికి విమి యుద్ధ వేళ జిక్కి
బ్రతికి, లండను పురమున పాఠ మొసగి
నుదుటి రాతనే తా మార్చె, నొక్క కన్ను
కనబడనివాడె నటునిగా ఘనత కెక్కె.

నిర్వాహకుని మాట: ఈ వారం నాకు బాగా నచ్చిన పూరణ ఇది. సమస్యలోని "కనబడని" అనే మాటను ఇతరుల చూపు మీద నుంచి తీసి ఆయన చూపు మీద పెట్టారు. కళ్ళు కనబడనివాడు అని మన ఇళ్ళలో రోజూ అనే మాటే, మూడో పాదం చివర "కన్ను" పడేసరికి సమస్య అర్థమే తిరగబడింది. మొదటి ప్రపంచ యుద్ధంలో లండన్ స్కాటిష్ దళంతో ఫ్రాన్సుకు వెళ్ళిన రెయిన్స్, విమీ దగ్గర విషవాయువు పాలై కుడికంటి చూపు దాదాపు పూర్తిగా పోగొట్టుకున్నారు. తరువాత రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్‌లో పాఠాలు చెప్పారు. ప్రసిద్ధ నటులు జాన్ గీల్‌గుడ్, చార్ల్స్ లాటన్ ఆయన దగ్గర నేర్చుకున్నవారే.

తెనాలి సభ్యులు: అమ్మా, ఊరి పేరు విమీ అని దీర్ఘంతో ఉండాలి కదా?

డాలస్ సోదరి: ఉండాలి, అయితే "విమీ యుద్ధ" అన్నప్పుడు లగగల (లఘువు, రెండు గురువులు, లఘువు) వచ్చి, అక్కడ ఉండవలసిన ఇంద్రగణం కుదరదు. పరాయి పేరును ఛందస్సు కోసం కుదించే చనువు తీసుకున్నాను.

నిర్వాహకుడు: పరాయి పేర్ల విషయంలో ఆ మాత్రం చనువు చెల్లుతుంది. అదే మన ఊరి పేరైతే ఒప్పుకోకపోదును.

మూడవ పూరణ (వరంగల్లు సభ్యులు)

నాల్గు పర్యాయములు పిల్చి నవ్వుతోడ
ఆస్కరను బొమ్మ నిడలేక యవలివారి
చేతి కిచ్చిరి, తన చేత పసిడి బొమ్మ
కనబడనివాడె నటునిగా ఘనత కెక్కె.

నిర్వాహకుని మాట: ఊహ మంచిదే కానీ మూడో పాదంలో యతి తప్పింది. "చే"కు "ప"తో మైత్రి లేదు, రెండో అక్షరాల పోలికతో నిలిచే ప్రాసయతి కూడా కుదరదు. పైగా బొమ్మ రెండుసార్లు వచ్చింది. "చేతి కిచ్చిరి, తన చేత జిన్నదైన" అనండి. పసిడి పోయినా యతి దక్కుతుంది, "చిన్నదైనా లేదు" అన్న వెలితి పదునెక్కుతుంది. మొదటి పాదంలో "నవ్వుతోడ" యతి కోసం తెచ్చిన మాటేనని తెలుస్తూనే ఉన్నది, అయినా పోనిద్దాం.

వరంగల్లు సభ్యులు: సవరణకు ధన్యవాదాలు. నాలుగు పర్యాయాల లెక్క సరేనా?

నిర్వాహకుడు: సరే. 1939, 1943, 1944, 1946 సంవత్సరాలకు ఉత్తమ సహాయ నటుని పోటీలో ఆయన పేరు నిలిచింది. రెండోది 'కాసాబ్లాంకా' చిత్రానికి. దాని చివర్లో రెయిన్స్ వేసిన పోలీసు అధికారి రెనో నీళ్ళు గ్లాసులో పోసుకుంటూ సీసా మీద విషీ అన్న పేరు (నాజీ జర్మనీతో చేయి కలిపిన నాటి ఫ్రెంచి ప్రభుత్వానికీ అదే పేరు) చూసి, దాన్ని చెత్తబుట్టలో పడవేసి, ఆ బుట్టను కాలితో తన్నుతాడు. పాత్ర ఏ పక్షానికి మారిందో ఒక్క మాట లేకుండా ఆ తన్నుతోనే తెలిసిపోతుంది. అయితే మీ "బొమ్మ" మొదటిసారికి వర్తించదు. సహాయ నటులకు ఆ రోజుల్లో ఇచ్చింది ఫలకం మాత్రమే, పూర్తి ప్రతిమ ఇవ్వడం 1943 బహుమతులతోనే మొదలైంది.

డాలస్ సోదరి: 1951లో 'డార్క్‌నెస్ ఎట్ నూన్' నాటకానికి ఆయనకు టోనీ పురస్కారం వచ్చింది. "చిన్నదైన" అంటే అదీ లేదన్న అర్థం రాదా?

నిర్వాహకుడు: పై పాదంలో "ఆస్కరను బొమ్మ" ఉన్నది గనుక అన్వయం దానితోనే. నన్ను ఆపింది వేరే మాట. "అవలివారి చేతి కిచ్చిరి" అన్నారు. 1946లో 'నొటోరియస్' చిత్రానికి పోటీలో నిలిచిన రెయిన్స్‌ను దాటి బహుమతి అందుకున్న హెరాల్డ్ రస్సెల్ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనిక శిక్షణ ఇస్తూ పేలుడులో రెండు చేతులూ పోగొట్టుకున్నవాడు. ఆ బహుమతి తెచ్చిన పాత్రను కొక్కేల చేతులతోనే వేశాడు. మొదటి యుద్ధంలో కన్ను పోయినవాడికి రాని బొమ్మ రెండో యుద్ధంలో చేతులు పోయినవాడికి వెళ్ళింది.

వరంగల్లు సభ్యులు: ముందే తెలిస్తే ఆ మాట వాడేవాణ్ణి కాను. ఇప్పుడు తెలిశాక తీయబుద్ధి కావడం లేదు.

నిర్వాహకుడు: తీయకండి.

నిర్వాహకుని పూరణ

తెరకు వెనుకాల పిలుపుల దిరిగి తిరిగి
గురువు పెట్టిన పైకాన గొంతు దిద్ది
పేట యాసను వేళ్ళతో బెల్లగించి
కనబడనివాడె నటునిగా ఘనత కెక్కె.

బాల్యంలో రెయిన్స్‌కు లండన్ పేటల యాస, దానికి తోడు మాట తడబాటు. హిజ్ మెజెస్టీస్ థియేటర్‌లో, నటులను వేళకు రంగం మీదికి పిలిచే కుర్రవాడిగా చేరి, తరువాత సంభాషణలు అందించేవాడయ్యారు. రెండూ ప్రేక్షకులకు కనబడని పనులే. ఉచ్చారణ పాఠాలకు డబ్బు పెట్టినవారు ఆ థియేటర్ యజమాని, నటుడు హెర్బర్ట్ బీర్‌బోమ్ ట్రీ.

డాలస్ సోదరి: గురువుగారూ, మమ్మల్ని ఇంతగా పట్టుకున్నారు గనుక అడుగుతున్నాను. పద్యమంతా గ్రాంథికంలో నడిపి "వెనుకాల" అని వాడుకమాట వేయవచ్చునా? "తెరకు వెనుకనే పిలుపుల" అన్నా, నగమనే ఇంద్రగణమే వస్తుంది కదా.

నిర్వాహకుడు: నిజమే, నా చెవికి తట్టలేదు. మీ సవరణతోనే పద్యాన్ని ఉంచుతున్నాను.