ఆ 6.86 లక్షలతో పోలవరం బాకీ తీరిపోయినట్టేనా?

డెల్టా గట్టు:
పోలవరం డ్యామ్ కింద ఊళ్లు మునిగే నిర్వాసితులకు అన్యాయం జరిగిందంటున్నారు కాబట్టి సూటిగా అడుగుతున్నా. భూమికి పరిహారం వేరు, ఇల్లు వేరు. అవి కాక పునరావాస ప్యాకేజీగా గిరిజన కుటుంబానికి 6.86 లక్షలు, గిరిజనేతరులకు 6.36 లక్షలు. శ్రీశైలం ముంపు ఊళ్లను 1981లో ఖాళీ చేయించినప్పుడు ప్యాకేజీ అన్న మాటే లేదు. ఇటు 7.2 లక్షల ఎకరాల ఆయకట్టు, 960 మెగావాట్ల కరెంటు, విశాఖకు 23.44 టీఎంసీలు ఎదురుచూస్తున్నాయి. ఇంకా అన్యాయం అంటే ఎక్కడో లెక్క చెప్పండి. ఆవేశం వద్దు.

అవార్డు కాపీ:
లెక్కే చెబుతా. ఉద్యోగానికి బదులు 5 లక్షలు. బతుకుతెరువు భత్యం నెలకు 3 వేల చొప్పున ఏడాదికి 36 వేలు. సామాన్ల రవాణాకు 50 వేలు. కొత్తచోట స్థిరపడటానికి 50 వేలు. షెడ్యూల్డ్ ప్రాంతం నుంచి కదిలే ఎస్సీ, ఎస్టీలకు ఇంకో 50 వేలు. మొత్తం 6,86,000. ఇవన్నీ 2013 భూసేకరణ చట్టం రెండో షెడ్యూలులో ఉన్న అంకెలే. దీన్ని 10 లక్షలు చేస్తామని రాష్ట్రం 2021లో జీవో ఇచ్చింది. అంటే ఇది చాలదని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు.

ఆ 5 లక్షలకు చట్టంలో ఇంకో దారి కూడా ఉంది. నెలకు కనీసం 2 వేలు, 20 ఏళ్లపాటు, వ్యవసాయ కూలీల ధరల సూచీతో పాటు పెరుగుతూ ఇవ్వాలి. సూచీ ఏడాదికి 6 శాతం పెరిగితే ఆ 2 వేలు 12 ఏళ్లకు 4 వేలవుతుంది. 5 లక్షలు బ్యాంకులో వేస్తే 7 శాతం వడ్డీకి నెలకు 2,900 వస్తుంది, కానీ అది పెరగదు. పైగా ఆ సొమ్ము బ్యాంకులో కదలకుండా ఉంటేగా! కొత్త కాలనీలో పశువులకు మేత ఉండదు, కట్టెలు కొనాలి, బియ్యం కొనాలి. మొదటి ఏడాదే అసలులో చెయ్యి పడుతుంది.

ఇప్పచెట్టు:
అన్నా, కట్టెల మాట నువ్వే ఎత్తావు కాబట్టి చెబుతున్నా. కూనవరం, వీఆర్ పురం వైపు కోయ కుటుంబానికి పట్టా భూమి ఆదాయంలో ఒక ముక్క మాత్రమే. ఇప్పపువ్వు, తునికాకు, చింతపండు, అడ్డాకులు, వెదురు, శబరిలో చేప, ఇవన్నీ కలిస్తేనే ఏడాది గడుస్తుంది. వీటిలో దేనికీ సర్వే నంబరు లేదు. సర్వే నంబరు లేనిదానికి అవార్డూ (పరిహారం ఖరారు చేసే ఉత్తర్వు) లేదు.

డెల్టా గట్టు:
ఇది సగం నిజం. అదే 2013 చట్టం సెక్షన్ 3(సి)లో అటవీ ఉత్పత్తులు ఏరుకునేవాళ్లనూ, చేపలు పట్టేవాళ్లనూ బాధిత కుటుంబాలుగానే లెక్కేశారు. సెక్షన్ 42 ప్రకారం సామూహిక అటవీ హక్కులకు డబ్బులో విలువ కట్టి ఎవరి వాటా వాళ్లకు ఇవ్వాలి. జలాశయంలో చేపల హక్కు ఇవ్వొచ్చని కూడా రాశారు.

ఇప్పచెట్టు:
సెక్షన్ 42ను ఇంకోసారి చదవండి. 2006 అటవీ హక్కుల చట్టం కింద తేలిన హక్కులకే ఆ విలువ. గ్రామసభకు సామూహిక హక్కు పత్రం చేతికి రాకముందే భూసేకరణ నోటిఫికేషన్ వస్తే విలువ సున్నా. వ్యక్తిగత పోడు పట్టా ఉన్నా అడవి ఖాతాలో ఏమీ పడదు. ఇక చేపల హక్కు సంగతి. 60 కిలోమీటర్ల అవతల మెట్ట మీద కాలనీ కట్టి, జలాశయంలో వల వేసుకో అంటే ఎలా?

షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం సంగతి ఇంకా పెద్దది. సెక్షన్ 42లో "ఈ చట్టం కింద" ఉన్న రక్షణలు వెంట వస్తాయని ఉంది. 1/70 వేరే చట్టం. అది షెడ్యూల్డ్ ప్రాంతపు నేలకు కాపలా, అక్కణ్నుంచి వచ్చిన మనిషికి కాదు. కాలనీ షెడ్యూల్డ్ ప్రాంతం దాటి పడితే, కొత్తగా ఇచ్చిన ఎకరం చేయి మారకుండా ఆపేది అసైన్డ్ పట్టా మీది షరతు ఒక్కటే.

కాంటూరు రాయి:
ప్యాకేజీ సంగతి తర్వాత. ముందు ఎవరు ముంపు, ఎవరు కాదు అన్నదే తప్పుగా తేల్చారు. జలాశయం పూర్తి మట్టం 45.72 మీటర్లు, 194.6 టీఎంసీలు. మొదటి దశ 41.15 మీటర్లు, సుమారు 119 టీఎంసీలు. మొదట 41.15 కాంటూరు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత) కింద 123 ఆవాసాలు, 20,946 కుటుంబాలు అన్నారు. లైడార్ సర్వే (లేజర్‌తో నేల ఎత్తు కొలవడం) చేశాక ఇంకో 36 ఆవాసాలు, 16,642 కుటుంబాలు కలిశాయి.

కాంటూరు గీత నిలిచిన నీటికి సరిపోతుంది. వరద నీరు గిన్నెలో నీళ్లలా సమంగా ఉండదు, డ్యామ్ నుంచి ఎగువకు పోయేకొద్దీ మట్టం పైకి లేస్తుంది. గేట్ల దగ్గర ఉన్న మట్టం వేరు, కుక్కునూరు దగ్గరది వేరు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చినప్పుడు రెండో దశలో ఉన్న ఊళ్లూ మునిగాయి. మునిగిన ఇల్లు, అందని ప్యాకేజీ. మరో రకం కూడా ఉంది: ఊరు ముంపు హద్దు రాయికి పైన, చేను, దారి రాయికి కింద. కాగితం మీద ఆ ఊరు ముంపు కాదు. కానీ నీళ్లు చేరాక అంబులెన్స్ రాదు.

డెల్టా గట్టు:
గీత సంగతి ఒప్పుకుంటా. కానీ పరిష్కారం ఏంటి? భూమికి భూమి అంటారా? అంత భూమి ఎక్కడుంది?

అవార్డు కాపీ:
చట్టంలో భూమికి భూమి కూడా మెలికలతోనే ఉంది. "వీలైనంతవరకు", "పరిహారానికి బదులుగా", కనీసం ఒక ఎకరం, అదీ ఆయకట్టులో. ఎస్సీ, ఎస్టీలకు పోయినంత లేదా రెండున్నర ఎకరాలు, ఏది తక్కువైతే అది. 8 ఎకరాలు పోయినవాడికి భూమిగా వచ్చేది రెండున్నరే. అది 1/70 కేసులో ఉన్న పొలమైతే దుక్కి దున్నకముందే కోర్టు మెట్లెక్కాలి. అందుకే భూమి తీసుకునేవాళ్లు అడంగల్‌తో ఆగకూడదు. ఎవరు సాగులో ఉన్నారో, నీటి వసతి ఉందో, కేసు ఉందో చూసి, ఎంజాయ్‌మెంట్ సర్వే (భూమి ఎవరి అనుభవంలో ఉందో చూసే సర్వే) కాపీ అడగాలి. నచ్చకపోతే ఆ మాట రాతపూర్వకంగా ఇచ్చి రసీదు ఉంచుకోవాలి. నోటిమాటకు ఆఫీసులో విలువ లేదు.

జాబితాలో జారిపోయేది ఎక్కువగా 18 ఏళ్ల దగ్గర. సెక్షన్ 3(ఎం) ప్రకారం పెళ్లయినా కాకపోయినా మేజరు వేరే కుటుంబమే. విడాకులైనవాళ్లు, వితంతువులు, కుటుంబం వదిలేసిన ఆడవాళ్లు కూడా. కానీ ఏ తేదీకి మేజరు? సర్వే నాటికి 12 ఏళ్ల పిల్లకు ఖాళీ చేసేనాటికి 20 నిండితే, జాబితాలో ఆమె తండ్రి కార్డు కిందే ఉంటుంది. ఆలస్యం ప్రభుత్వానిది, నష్టం ఆ పిల్లది.

డెల్టా గట్టు:
తేదీ ఏటా జరిపితే జాబితా ఎప్పటికీ ముగియదు. కుటుంబాలు చీలుతూనే ఉంటాయి. ఎక్కడో ఒకచోట గీత గీయాలి కదండీ.

కాంటూరు రాయి:
గీయండి, చివర్లో గీయండి. సెక్షన్ 38 ప్రకారం సాగునీటి ప్రాజెక్టుల్లో ముంపుకు 6 నెలల ముందే పునరావాసం పూర్తవ్వాలి. ఆ 6 నెలల గడువు మొదలయ్యే రోజునే మేజర్లను లెక్కించే కటాఫ్ తేదీగా పెట్టండి. అప్పుడు ఆలస్యం ఎవరిదో ఖర్చు వాళ్ల మీదే పడుతుంది. 2024 ఆగస్టులో కేంద్రం 41.15 మీటర్ల దశకు 12,157.53 కోట్లు ఒప్పుకుంది. అందులో కాంక్రీటుకు ఎంత, కాలనీలకు ఎంత, ఏ నెలలో ఎంత అని విడదీసి నోటీసు బోర్డు మీద పెట్టమనండి. మీ డెల్టాకు నీళ్లు ఆగవు, గోదావరి నీళ్లు తోడే పట్టిసీమ ఎత్తిపోతల పథకం 2015లోనే మొదలైంది, 24 పంపులు ఉన్నాయి.

డెల్టా గట్టు:
పట్టిసీమ కృష్ణా డెల్టాకు, కొత్త ఆయకట్టుకు కాదు. కటాఫ్ తేదీ విషయంలో మాత్రం మీతోనే ఉన్నా.

ఇప్పచెట్టు:
జిల్లా దాటించి పునరావాసం ఇస్తే ఎస్టీలకు 25 శాతం అదనం అని సెక్షన్ 41లో ఉంది. 2022లో జిల్లాలే మారిపోయాయి. ఏ తేదీ నాటి జిల్లా చూడాలో ఎవరైనా ఆర్డర్ కాపీతో చెప్పగలరా?