ట్యూబు తీసేయడమా, ఉంచి గర్భాన్ని మాత్రమే తీయడమా?

టెక్కలి కోడలు: కుడి ట్యూబులో (అండాశయం నుంచి గర్భసంచికి అండం చేరే నాళం) గర్భం నిలిచిందని స్కానింగులో తేలడంతో గత నెల నాకు ల్యాప్రోస్కోపీ (చిన్న కోతల ద్వారా కెమెరాతో చేసే ఆపరేషన్) చేసి ఆ ట్యూబును తీసేశారు. రెండోది బాగుందని డిశ్చార్జి షీటులో రాశారు. అయినా ట్యూబును చీల్చి గర్భాన్ని మాత్రమే తీసి ఉండవలసిందని, ఇప్పుడు పిల్లలు పుట్టే అవకాశం సగమైపోయిందని మా అత్తగారు బాధపడుతున్నారు. అది నిజమేనా?

రాజాం వాసి: ఆమె బాధలో న్యాయముంది. రేపు రెండో ట్యూబూ పాడైతే ఐవీఎఫ్ (అండాన్ని శరీరం బయట ఫలదీకరించే వైద్యం) తప్ప దారి ఉండదు. ఆ ఖర్చు మన పల్లెల్లో ఎందరు భరించగలరు? వీలున్నంతవరకు ట్యూబును ఉంచడమే సరైన వైద్యమని నా అభిప్రాయం.

శ్రీకాకుళం నర్సు: అమ్మా, సగమనే లెక్క సరికాదు. ఒకవైపు విడుదలైన అండాన్ని అవతలి ట్యూబు కూడా అందుకోగలదు. రెండో ట్యూబు బాగున్న 446 మందిపై ప్రధానంగా ఐరోపాలో జరిగి, 2014లో లాన్సెట్ వైద్య పత్రికలో వెలువడిన అధ్యయనంలో, మూడేళ్లలోపు సహజంగా గర్భం దాల్చి అది కొనసాగినవారు ట్యూబు ఉంచినవారిలో 60.7 శాతం, తీసేసినవారిలో 56.2 శాతం, గణాంకపరంగా అది చెప్పుకోదగ్గ తేడా కాదు. అయితే ట్యూబు ఉంచినవారిలో 7 శాతం మందికి గర్భకణజాలం లోపల మిగిలిపోయింది. తీసేసినవారిలో అది 1 శాతం లోపే.

అందుకే ట్యూబు ఉంచితే హెచ్‌సీజీ (గర్భం వల్ల రక్తంలో పెరిగే హార్మోను) పూర్తిగా తగ్గేదాకా వారం వారం రక్తపరీక్ష తప్పదు. మందస దగ్గరి పల్లె నుంచి, ఇలా ట్యూబు ఉంచిన ఒకామె రిపోర్టులను ప్లాస్టిక్ కవరులో మడతపెట్టి తెచ్చేది. మూడో వారం వరికోతలని రాలేదు. నాలుగో వారం కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతుంటే ఆటోలో తెచ్చారు. చివరికి ఆ ట్యూబునూ తీయవలసి వచ్చింది. మన దూరాలను లెక్కలోకి తీసుకోకుండా ట్యూబు ఉంచడమే మేలనడం నాకు సమ్మతం కాదు.

రాజాం వాసి: మరి రెండో ట్యూబు ముందే దెబ్బతిని ఉంటే?

శ్రీకాకుళం నర్సు: అప్పుడు మీ మాటే సరైనది. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు కూడా, సంతానానికి ఇతర ఆటంకాలున్నవారి విషయంలో ట్యూబు ఉంచే శస్త్రచికిత్సను పరిశీలించమంటాయి. ఈ అమ్మాయి పరిస్థితి అది కాదు.

టెక్కలి కోడలు గారూ, ఈసారి నెల తప్పితే ఆరో వారంలోనే స్కానింగు చేయించి గర్భం ఎక్కడ నిలిచిందో చూపించుకోండి. ఒకసారి ట్యూబులో గర్భం వచ్చినవారిలో సుమారు పదిమందిలో ఒకరికి మళ్లీ అలాగే వస్తుంది. ఈ సంగతి మీ అత్తగారికీ చెప్పి, స్కానింగుకు ఆమెనే తోడు తీసుకువెళ్లండి.