నిరోధకమా, నిగ్రహకమా?

మిత్రులారా, వ్యాధికారక బ్యాక్టీరియా చక్కెరలను వాడుకునే తీరు మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తూ ఒకే ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. ‘రిప్రెసర్’ అనే ప్రోటీనుకు తెలుగు పేరు కావాలి. జన్యువు మొదట్లో డీఎన్ఏను పట్టుకుని, అవసరం వచ్చేదాకా ఆ జన్యువు పని మొదలుకాకుండా ఆపి ఉంచే ప్రోటీను అది.

మొదట తోచే మాట ‘నిరోధకం’. వ్యాధుల గురించి రాసేటప్పుడు దీనితో పెద్ద చిక్కు ఉంది. వ్యాధి నిరోధక శక్తి మన శరీరానిది. యాంటీబయాటిక్ నిరోధకత బ్యాక్టీరియాది. ఎంజైము పనిని అడ్డుకునే పదార్థమూ నిరోధకమే. ఇక రిప్రెసర్‌ను తయారుచేసే జన్యువును ‘నిరోధక జన్యువు’ అని రాస్తే, మందులకు లొంగని గుణాన్నిచ్చే జన్యువు కాబోలని పాఠకుడు అనుకుంటాడు. వాక్యం అర్థమైనట్టే ఉంటుంది, అర్థం మాత్రం పూర్తిగా తప్పిపోతుంది. అర్థంకాని వాక్యం కన్నా ఇది హానికరం.

‘అణచివేత’ను కూడా ఆలోచించాను. అణచివేతలో పీడించేవారు వేరు, పీడితులు వేరు. ఇక్కడ పట్టుకున్నదీ పట్టుబడినదీ ఒకే కణానివి. జన్యువుకు ఏ హానీ జరగదు. పట్టు వదలగానే అది యథావిధిగా పని మొదలుపెడుతుంది.

అందుకే నా ప్రతిపాదన ‘నిగ్రహం’. ఆ ప్రోటీను ‘నిగ్రహకం’. గ్రహించు, గ్రహణం, సంగ్రహం ఏ ధాతువు నుంచి వచ్చాయో ఇదీ అక్కడిదే. ఆ ధాతువుకు అర్థం పట్టుకోవడం. రిప్రెసర్ చేసేది అక్షరాలా పట్టుకోవడమే కదా. పైగా ‘ఇంద్రియ నిగ్రహం’, ‘నిగ్రహించుకున్నాడు’ అన్న వాడుకల్లో శక్తి ఉండి కూడా ఆగి ఉండటం అనే భావం ఉంది. ఈ జన్యువుల స్థితి సరిగ్గా అదే.

పెద్దప్రేగులో ఉండే ఈ.కోలై బ్యాక్టీరియా పాలలోని చక్కెర అయిన లాక్టోజును వాడుకునే జన్యువులను ఇలాగే నిగ్రహించి ఉంచుతుంది. లాక్టోజు కొద్దిగా లోపలికి వస్తే అల్లోలాక్టోజుగా మారి నిగ్రహకానికి అతుక్కుంటుంది. నిగ్రహకం డీఎన్ఏను వదిలేస్తుంది. ఫ్రెంచి శాస్త్రవేత్తలు ఫ్రాన్స్వా జాకబ్, జాక్ మోనో 1961లో వివరించిన నమూనా ఇదే. 1965లో ఆంద్రే ల్వోఫ్‌తో కలిసి వారికి నోబెల్ బహుమతి వచ్చింది. 1961 నాటి ఆ నమూనాకు ఇరవై ఏళ్ల ముందే మోనో రెండు చక్కెరలు కలిపి ఇచ్చినప్పుడు బ్యాక్టీరియా ఒకదాన్ని ముగించి, కాసేపు ఆగి, తరువాతే రెండోదానితో పెరగడం చూశారు. ఆ ‘డయాక్సీ’ని నేను ‘రెండంచెల పెరుగుదల’ అంటున్నాను. ఇందులో నాకు సందేహం లేదు.

స్పందన: మాట బాగుంది. అయితే ఒక అభ్యంతరం. ఈ.కోలైలో గ్లూకోజు ఉన్నప్పుడు లాక్టోజు జన్యువులు మందగించడాన్ని కూడా ఇంగ్లీషులో ‘రిప్రెషన్’ అనే అంటారు. అక్కడ డీఎన్ఏను పట్టి ఆపే కొత్త ప్రోటీను ఏదీ రాదు. గ్లూకోజు ఉంటే సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న సంకేత అణువు తగ్గుతుంది, దానితో కలిసి జన్యువుకు ఊతమిచ్చే సీఆర్‌పీ ప్రోటీను నిలబడదు. పైగా గ్లూకోజు రవాణాలో ఉన్న ఒక ప్రోటీను లాక్టోజును లోపలికి తెచ్చే ద్వారాన్నే మూసేస్తుంది. దీన్నీ నిగ్రహం అంటారా?

నా జవాబు: మీరు పట్టుకున్న తేడా చాలా ముఖ్యమైనది. అక్కడ ఇంగ్లీషు పేరే వదులుగా ఉంది, మనం ఆ వదులుతనాన్ని దిగుమతి చేసుకోనక్కరలేదు. మనకు ‘నిగ్రహానుగ్రహ సమర్థుడు’ అనే పాత పలుకుబడి ఉంది. దండించగలవాడూ, దయచూపగలవాడూ అని. ఆ జంటలో రెండో మాటను కూడా తీసుకుందాం. పట్టి ఆపితే నిగ్రహం, ఊతమిచ్చి నడిపితే అనుగ్రహం. సీఆర్‌పీ ఊతం అందకపోవడం ‘అనుగ్రహ లోపం’ అవుతుంది. ద్వారం మూయడాన్ని ‘ప్రవేశ నిషేధం’ అని వేరుగానే చెప్పాలి.

స్టెఫిలోకోకస్, స్ట్రెప్టోకోకస్ వంటి బ్యాక్టీరియాలో మాత్రం నిజమైన నిగ్రహమే ఎక్కువ. గ్లూకోజు సమృద్ధిగా ఉంటే హెచ్‌పీఆర్ అనే చిన్న ప్రోటీనుకు సెరీన్ అనే ఒక అమైనో ఆమ్లం దగ్గర ఫాస్ఫేటు చేరుతుంది. అది సీసీపీఏ అనే మరో ప్రోటీనుతో జతకడుతుంది. ఆ జంట డీఎన్ఏ మీద తనకు తగిన వరుసలను పట్టుకుని, ఇతర చక్కెరల జన్యువులను ఆపుతుంది. పేగు వ్యాధి తెచ్చే బ్యాక్టీరియా క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్‌లో ఇదే సీసీపీఏ విషపదార్థాల జన్యువులను కూడా ఆపుతుంది. తిండి సంగతి చూసే ప్రోటీనే విషం సంగతీ చూస్తోంది. ఈ విషయం సరిగ్గా చెప్పడానికే నాకు ఇంత కచ్చితమైన మాట కావలసి వచ్చింది.

మరో స్పందన: ‘అనుగ్రహం’ అనగానే దేవుడు గుర్తొస్తాడు. విజ్ఞాన వ్యాసంలో అది ఇబ్బంది కాదా? ఇక కలరా తెచ్చే బ్యాక్టీరియా విబ్రియో కలరేలో ఇదే సీఆర్‌పీ కలరా విషపు జన్యువులను తగ్గిస్తుంది. మీ లెక్కన అనుగ్రహించేదే నిగ్రహిస్తోంది.

నా జవాబు: ముందు మీ రెండో మాటకు జవాబు. అందుకే ప్రోటీనుకు శాశ్వతంగా బిరుదు ఇవ్వకూడదు, పనికి పేరు పెట్టాలి. ‘ఇక్కడ సీఆర్‌పీ నిగ్రహిస్తుంది, అక్కడ అనుగ్రహిస్తుంది’ అని క్రియగా రాస్తే చిక్కే లేదు. నామవాచకం కోసం మొండిగా వెతికిన నా తొందర మీ ప్రశ్నతో తగ్గింది. దైవ భావం గురించి మీరన్నది ఒప్పుకుంటున్నాను. ‘నిగ్రహం’లో సామాన్య వాడుక బలంగా ఉంది కనుక నిలుస్తుంది, ‘అనుగ్రహం’ ఒంటరిగా వస్తే గుడి గుర్తొస్తుంది. దాని స్థానంలో మొదటి మిత్రులు వాడిన ‘ఊతం’ తీసుకుంటాను. జంట అందం పోతుంది, బాధగానే ఉంది.

నా వ్యాసంలో లిస్టీరియా అనే వ్యాధికారక బ్యాక్టీరియా గురించిన పేరాను ఇలా మార్చాను: “కుళ్లిన మొక్కల్లో దొరికే సెల్లోబయోజు వంటి చక్కెరలు లోపలికి వస్తున్నంతసేపు వ్యాధికారక జన్యువులకు పీఆర్‌ఎఫ్ఏ అనే ప్రోటీను ఇచ్చే ఊతం బలహీనంగా ఉంటుంది. ఆతిథేయి కణంలోకి చేరాక, అక్కడి ఫాస్ఫేటు చక్కెరలను వాడుకుంటున్నప్పుడు ఆ ఊతం బలపడుతుంది.” ఇందులో నిగ్రహం అనే మాట రాలేదు, రాకూడదు కూడా. సీసీపీఏ పేరాలో మాత్రం అది ఉంటుంది. ఒకే అదుపు కింద కలిసి నడిచే జన్యువుల వరుసకు పేరైన ‘ఆపరాన్’ను అలాగే ఉంచుతున్నాను.