గాలవంట్ చూశాక ఒక డౌట్, స్పాయిలర్లు ఉన్నాయి

ప్రశ్న:
గాలవంట్ మొన్న పూర్తి చేశాను. 2015లో అమెరికా చానల్ ఏబీసీలో మొదలై 2016 జనవరికే అయిపోయిన పాటల ఫాంటసీ కామెడీ సీరీస్, మొత్తం 18 ఎపిసోడ్లే. మొదటి సీనే నన్ను పట్టేసింది. రాజు ఎత్తుకుపోయిన ప్రియురాలి కోసం హీరో కోటలోకి దూసుకెళ్లి, అడ్డొచ్చినవాళ్లందరినీ కొట్టుకుంటూ సరిగ్గా పెళ్లి మధ్యలోకి వస్తాడు, రాజు నీకు సంపదా పేరూ ఇవ్వగలడేమో గానీ ప్రేమ ఇవ్వలేడు అంటాడు. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి సంపదా పేరూ చాలు అంటుంది! జానపద సినిమాలు చూస్తూ పెరిగినదాన్ని, రాకుమారుడు వచ్చాక ఇలాంటి మాట వింటానని అస్సలు అనుకోలేదు. ఫార్ములాని తిరగేసే ఫాంటసీ కామెడీలు చాలావరకు మూడో ఎపిసోడ్‌కే నీరసపడతాయి కదా, దీనికి ఎందుకు అలా కాలేదు?

జవాబు 1:
ఆ దెబ్బ ఎవరికి తగిలిందో రాసినవాళ్లు మర్చిపోలేదు, అందుకే. హీరో తాగుడుకి పడిపోతాడు, రాణి అయిన ఆ ప్రియురాలు మాడలీనా రాజుకంటే క్రూరంగా తయారవుతుంది, విలన్ అనుకున్న ఆ రాజు రిచర్డ్ రాజ్యం పోగొట్టుకుని హీరోతో పాటే తిరుగుతాడు. నాకు అన్నిటికంటే ఇష్టం రిచర్డ్ దగ్గరున్న తొండ. దానికి ట్యాడ్ కూపర్ అని పేరు పెట్టి, ఇది డ్రాగన్ అంటూ వెంట తిప్పుకుంటాడు. తొండే బాబూ అని ఎంతమంది చెప్పినా వినడు. చివరికి అది నిజంగానే డ్రాగన్ అవుతుంది. తొండ ముదిరితే ఊసరవెల్లి అనే మనకి అక్కడ గొంతు పట్టేసింది. అన్ని నమ్మకాలనీ ఆటపట్టించిన సీరీస్ ఆ ఒక్క నమ్మకాన్ని మాత్రం గెలిపించింది.

జవాబు 2:
పాటల సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? సంగీతం ఆలన్ మెంకెన్, డిస్నీ అల్లాదీన్‌కి చేసినాయనే. రాకుమారి కథలకి బాణీలు కట్టిన మనిషే ఇక్కడా కట్టాడు, కాబట్టి మాటలు ఎంత వెక్కిరించినా ట్యూన్ మాత్రం మనస్ఫూర్తిగా ఉంటుంది.

జవాబు 3:
ద గుడ్ ప్లేస్ కూడా చూడండి, 2016 నుంచి 2020 వరకు ఎన్‌బీసీలో వచ్చింది. చనిపోయిన నలుగురు తాము చేరింది స్వర్గం అనుకుంటారు, అది నరకమని మొదటి సీజన్ చివర్లో వాళ్లలో ఒకరైన ఎలనార్ కనిపెట్టేస్తుంది. ఆ చోటుని నడిపే రాక్షసుడు మైకేల్ అందరి జ్ఞాపకాలూ చెరిపేసి మళ్లీ మొదలుపెడతాడు. ఇంకొకళ్లయితే ఆ గుట్టుని ఇంకో సీజన్ మొత్తం సాగదీసేవాళ్లు. వీళ్లు ఒక్క ఎపిసోడ్‌లోనే 800 సార్లకి పైగా చెరిపించి, ప్రతిసారీ దొరికిపోయేలా చేసి ఆ దారి మూసేశారు. ఒకసారైతే ఆ నలుగురిలో ఏమీ అర్థం కాని జేసన్ కనిపెడతాడు, మైకేల్ మొహం చూడాలి అప్పుడు! ఇక వేరే గతిలేక ఆ రాక్షసుడే మనుషులతో రాజీకి వస్తాడు, నిజమైన కథ అక్కడే మొదలైంది. ట్విస్ట్‌ని దాచుకుని బతికే సీరీస్ కంటే దాన్ని ఖర్చు పెట్టేసేదే నాకు నచ్చుతుంది.

ప్రశ్న అడిగినవారు:
తొండ విషయం చదివాక రెండో సీజన్ మళ్లీ పెట్టాను. ఈసారి రిచర్డ్ దానితో మాట్లాడే ప్రతి సీన్‌లోనూ నాకు నవ్వు రాలేదు, వాడి మాట నిజమవుతుందని తెలుసు కదా. గుడ్ ప్లేస్ ఈ శనివారం మొదలుపెడతాను.