"హ్యాండ్‌బ్యాగ్‌లోనా?" ఆ 'లో' ఉండాలా, వద్దా?

— ఆస్కార్ వైల్డ్ 'ది ఇంపార్టెన్స్ ఆఫ్ బీయింగ్ ఎర్నెస్ట్' మొదటి అంకం తెలుగు చేస్తూ ఒక్క మాట దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను. తన కూతుర్ని పెళ్లాడతానన్న జాక్‌ని లేడీ బ్రాక్‌నెల్ వంశం గురించి ఆరా తీస్తుంది. పసిగుడ్డుగా ఎక్కడ దొరికావు అంటే అతను "హ్యాండ్‌బ్యాగ్‌లో" అంటాడు కదా, దానికి లేడీ బ్రాక్‌నెల్ "హ్యాండ్‌బ్యాగ్‌లోనా?" అందని రాశాను. చదువుకుంటే ఏదో వెలితి.

— వెలితి ఆ 'లో' దగ్గరే. మూలంలో జాక్ మాటలో 'లో' ఉంది, ఆవిడ మాటలో లేదు. "హ్యాండ్‌బ్యాగా?" అంతే. 'లోనా' అంటే బిడ్డకేమైందో అని కంగారుపడ్డట్టు ఉంటుంది. ఆవిడ వంశం అడిగింది, సంచీ వచ్చింది!

— ఒప్పుకోను. తెలుగులో ఆశ్చర్యపోతే ఎదుటివాడి మాటని విభక్తితో సహా పట్టుకుంటాం. "బావిలో పడ్డాడు" అంటే "బావిలోనా?" అంటాం గానీ "బావియా?" అనం.

— అసలు హ్యాండ్‌బ్యాగే వద్దండీ. ఇప్పుడది ఆడవాళ్లు భుజానికి తగిలించుకునేది, బిడ్డ ఎక్కడ పడుతుంది? అప్పట్లో అది ప్రయాణపు సంచీ. జాకే చెప్తాడుగా, కాస్త పెద్దది, నల్లతోలుది, పిడులున్నది, విక్టోరియా స్టేషన్ క్లోక్‌రూమ్‌లో పొరపాటున ఇంకొకరి చేతికిచ్చారని. "తోలుసంచీయా?" అనండి.

— అది బాగుంది, చివరి 'యా'ని ఈడ్చవచ్చు. 1952 సినిమాలో లేడీ బ్రాక్‌నెల్ వేషం వేసిన ఈడిత్ ఎవాన్స్ లాగినట్టు లాగాలి, లేకపోతే ఆ మాటకి ప్రాణం లేదు.

— ఆ లాగుడు ఎవాన్స్‌ది, వైల్డ్‌ది కాదు. 1895 ఫిబ్రవరి 14న లండన్ సెయింట్ జేమ్స్ థియేటర్‌లో తొలి ప్రదర్శనలో ఆ వేషం కట్టింది రోజ్ లెక్లెర్క్. జాక్ వేషం ఆ థియేటర్ నడిపిన జార్జ్ అలెగ్జాండర్‌ది, నాలుగంకాల నాటకాన్ని మూడుకి కుదించమని పట్టుబట్టిందీ ఆయనే. కాగితం మీద ఉన్నది ఒక్క ప్రశ్న గుర్తు.

— దానికి మూడేళ్ల ముందే, 1892లో, విజయనగరంలో కన్యాశుల్కం ఆడారు. గిరీశం "డామిట్!"ని గురజాడ తెలుగు చేశారా? మాట ఎవరి నోట్లో ఎలా పలుకుతుందో ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు! హ్యాండ్‌బ్యాగ్‌ని అలాగే ఉంచండి.

— పోలిక కుదరదు మాస్టారూ. గిరీశం నోట ఇంగ్లీషు బడాయి. ఇక్కడ అందరూ ఇంగ్లీషువాళ్లే, ఎవరి దగ్గర బడాయి?

— పోనీ "హ్యాండ్‌బ్యాగ్... లోనా?" అని మధ్యలో విరిస్తే?

— విరిస్తే ఊనిక 'లో' మీదే పడుతుంది కదా, మళ్లీ బిడ్డ దగ్గరికే వచ్చాం.