చర్చ: నాలుగేళ్ల పిల్లకి లాటిన్ విభక్తులా? వారపు కంఠస్థంలో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?

కేరీ అమ్మ

అందరికీ వందనాలు. వచ్చే ఆగస్టుకి నార్త్ కరోలినాలో, పిల్లలకి ఇంట్లోనే చదువు చెప్పుకునే మా హోమ్‌స్కూల్ గ్రూపు టైమ్‌టేబుల్ వేస్తున్నాం. ఒక విషయం ఎంతకీ తెగడం లేదు. మేం నడిపేది క్లాసికల్ కాన్వర్సేషన్స్ వాళ్ల ఫౌండేషన్స్. తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో: 1997లో లీ బార్టిన్స్ ఇదే రాష్ట్రంలో మొదలుపెట్టిన క్రైస్తవ కార్యక్రమం. 4 నుంచి 12 ఏళ్ల పిల్లలు వారానికి ఒక పూట కలుస్తారు. తల్లో తండ్రో గదిలోనే కూర్చుంటారు, ఒక ట్యూటర్‌కి ఎనిమిది మంది పిల్లలకి మించరు. మొత్తం 24 వారాలు. చరిత్ర, భూగోళం, లెక్కలు, సైన్సు, ఇంగ్లిష్ గ్రామర్, లాటిన్, టైమ్‌లైన్ (చరిత్ర ఘట్టాల వరస), ఈ ఏడింటిలో ప్రతి వారం కొత్త ముక్క ఇస్తారు. దాన్ని మిగతా రోజులు ఇంట్లో వల్లె వేయించాలి.

తగువు ఇదీ: 4-6 ఏళ్ల తరగతికి లాటిన్, టైమ్‌లైన్, ఇంగ్లిష్ గ్రామర్ తీసేసి, మిగతా నాలుగూ బైబిలు వాక్యమూ ఉంచుదామని సగం మంది. "ఈ వయసులో ఏది చెప్పినా చిలకలా పట్టేస్తారు, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు?" అని మిగతా సగం. మీ మాట కారణంతో సహా చెప్పండి. "మా వాడికి బాగానే వచ్చింది" లాంటి జవాబులు వద్దు, దయచేసి.

ఫ్రిస్కో ట్యూటర్

వందనాలు సిస్టర్. ఏడూ ఉంచండి. ఇబ్బంది సబ్జెక్టుల సంఖ్యతో కాదు, కొత్త ముక్కలకిచ్చే అరగంటని వాడే తీరుతో. ఏడింటికి పంచితే ఒక్కోదానికి నాలుగు నిమిషాలు. అందులో రెండు నిమిషాలు డ్యాన్సులకీ వింత గొంతులకీ పోతే ముక్క నోటికి చేరేది ఎప్పుడు? ఇంటికెళ్లాక పిల్లలకి గెంతులు గుర్తుంటాయి, వాక్యం గుర్తుండదు.

నాలుగు నిమిషాలు ఇలా నడపాలి. ముందు అది ఏమిటో ఒక్క మాటలో చెప్పండి. తర్వాత మీరొక్కరే మొత్తం ఒకసారి నిదానంగా చెప్పండి, పిల్లలు వినాలి అంతే. ఆ తర్వాత మూడు నాలుగు మాటల చొప్పున విరిచి అనిపించండి. అప్పుడు బోర్డు. పన్నెండు మాటల చరిత్ర వాక్యం రాసి, ఒక్కసారి చదివించి రెండు మాటలు చెరపండి, మళ్లీ చదివించి ఇంకో రెండు. ఆరో విడతకి బోర్డు ఖాళీ, వాక్యం నోట్లో. చదవడం రానివాళ్లకి మాటల బదులు బొమ్మలు గీసి అవే చెరపండి. భూగోళంలో ట్యూటర్ కర్రతో చూపిస్తే లాభం లేదు, ప్రతి పిల్లా తన వేలు పటం మీద పెట్టాలి.

ఇంకొకటి, క్లాసులో ఒక బాణీ, ఇంట్లో ఇంకో బాణీ ఉంటే రెండూ పోతాయి. చిన్నవాళ్లు వరసగా పది పన్నెండు నిమిషాలకి మించి కూర్చోలేరు. అందుకే నిలబడి చేతులు తిప్పుతూ చెప్పే టైమ్‌లైన్‌ని మధ్యలో పెట్టాలి. తీసేయమంటున్నారే, అదే వాళ్లకి ఊపిరి తీసుకునే సమయం.

లెక్కల సార్

బాణీ గురించి ట్యూటర్ గారు చెప్పింది సగమే. పాటగా నేర్చినది గొలుసు. మొదటి కడియం నుంచి లాగితేనే వస్తుంది.

లెక్కలే చూడండి. ఈ పద్ధతిలో ఏడో ఎక్కాన్ని 7, 14, 21, 28 అని గెంతులెక్కగా పాడిస్తారు. ఆ పిల్లని "ఏడెనిమిదులు ఎంత?" అనడగండి. మొదటినుంచి పాడుకుంటూ ఎనిమిది వేళ్లు ముడిచాకే 56 వస్తుంది. భాగహారంలో ప్రతి మెట్టు దగ్గరా ఇదే తంతు. మన ఎక్కంలో ఆ బాధ లేదు. "ఏడెనిమిదులు యాభయ్యారు" అన్న ఒక్క పంక్తిలో ప్రశ్నా జవాబూ రెండూ ఉన్నాయి. ఏ పంక్తికి ఆ పంక్తి విడిగా నిలుస్తుంది, మధ్యలో ఎక్కడ అడిగినా చెప్పొచ్చు. రెండూ బట్టీయే, కానీ ఒకటి తాళంచెవుల గుత్తి, ఇంకొకటి చాంతాడు.

చరిత్ర వాక్యాలకీ ఇదే పరీక్ష. పాట మొదలుపెట్టకుండా మధ్యలోంచి అడగండి. రాకపోతే నేర్చింది పాట, చరిత్ర కాదు.

ఫ్రిస్కో ట్యూటర్

ఎక్కాల మాట ఒప్పుకుంటాను సార్. కానీ నాలుగైదేళ్లకి గెంతులెక్క దండగ కాదు. గడియారం చూడ్డానికి అయిదులు, చిల్లర లెక్కకి పదులు, తర్వాత కసాగుకి రెండు వరసలు పక్కపక్కన పెట్టుకోడానికీ పనికొస్తుంది. ఏడేళ్లు వచ్చాక అదే అంకెలకి మీ పంక్తి తగిలించాలి. తగిలించకుండా 15 దాకా పాడిస్తూ పోవడమే తప్పు.

భాషాభిమాని

లాటిన్ దగ్గరికి వద్దాం. అసలు తగువు దాని మీదే కదా. ఈ పద్ధతికి మూలం 1947లో ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లిష్ రచయిత్రి డొరొతీ సేయర్స్ చేసిన ప్రసంగం. "చిలక వయసు" అన్న మాట ఆవిడదే. ఆ ప్రసంగం పేరు చెప్పి నాలుగేళ్ల పిల్లల చేత పలికిస్తున్నవాళ్లు ఆవిడ వేసిన వయసుల లెక్క చూడాలి: వ్యాకరణ దశ సుమారు తొమ్మిది నుంచి పదకొండు. పైగా పిల్లల మనస్తత్వం మీద తన అభిప్రాయాలు నిపుణులు మెచ్చేవి కావని ఆవిడే ఒప్పుకుంది.

మూడేళ్ల పాఠాల్లో మొదటి ఏడాది పలికించేది ఇదీ: అ, ఏ, ఏ, అమ్, ఆ, ఏ, ఆరుమ్, ఈస్, ఆస్, ఈస్. ఇవి నామవాచకం చివర చేరే తోకలు. దేనికి తోకలో పిల్లకి తెలియదు, చాలా ఇళ్లలో తల్లికీ తెలియదు. మన పిల్లలకి ఇంతకంటే దగ్గరి దారి ఉంది. "డు ము వు లు ప్రథమా విభక్తి" అని మనవాళ్లు పట్టించింది సరిగ్గా ఇదే పని. ఇంట్లో తెలుగు వినే పిల్లకి రాముడు, రాముని, రామునికి, రామునితో ముందే చెవిలో ఉంటాయి. ఉన్నవాటికి పేరు పెట్టడమే మిగిలింది. నాలుగేళ్లప్పుడు ఆ పని చేసి, లాటిన్‌ని తొమ్మిదికి ఆపండి.

కేరీ అమ్మ

తెలుగు విభక్తుల మాట నాకు నచ్చింది. కానీ అదే ప్రసంగంలో ఆవిడ లాటిన్ వీలైనంత త్వరగా మొదలుపెట్టమనే అంది కదండీ, భాషాభిమాని గారూ? తోకలు మారే భాష వింతగా అనిపించని వయసులో, వల్లె వేయడం ఆటలా సరదాగా ఉన్నప్పుడే అని.

భాషాభిమాని

అంది, కాదనను. కానీ ఆవిడ లెక్కలో త్వరగా అంటే ఆ తొమ్మిది దగ్గరే, బడి పాఠంతో పాటే. పాఠం నాలుగైదేళ్ల తర్వాత వస్తుందని తోకలు ఇప్పుడే దాచిపెట్టమనలేదు. ఉంచేటట్టయితే ఒక్క మాటతో ఉంచండి. తోకలు విడిగా కాదు, పదంతో: పువెల్ల, పువెల్లే, పువెల్లే, పువెల్లమ్, పువెల్లా. బాలిక, బాలిక యొక్క, బాలిక కొరకు, బాలికను, బాలిక వలన. వాళ్ల వరసలో రెండోది మన షష్ఠి, మూడోది చతుర్థి, నాలుగోది ద్వితీయ. చివరిది మన పంచమి పనీ తృతీయ పనీ చేస్తుంది. ఈ పట్టిక గోడకి అంటించండి, తల్లులకి కూడా తల తిరగదు.

పెట్టె మనిషి

ఏం తీసేయాలన్న గొడవలో పడి ఇంటి పని లెక్క ఎవరూ వేయడం లేదు. వేద్దాం.

వారానికి 7 ముక్కలు, 24 వారాలకి 168. ఒక్కోదానికి 20 సెకన్లు అనుకుంటే, "ఇప్పటిదాకా చెప్పినవన్నీ రోజూ ఒకసారి" అనే ఇంట్లో 12వ వారానికి 28 నిమిషాలు, చివరి వారానికి 56 నిమిషాలు. క్రిస్మస్ సెలవుల తర్వాత చాలామంది చేతులెత్తేసేది ఇందుకే. పిల్ల మొద్దు కాదు, లెక్కే కుదరలేదు.

ఇంగ్లిష్ విద్యావేత్త షార్లెట్ మేసన్ పద్ధతి పాటించే ఇళ్లలో బైబిలు వాక్యాలకి వాడే పెట్టె దీనికి సరిపోతుంది. 3×5 అంగుళాల కార్డులు పట్టే పెట్టె, 41 అడ్డ అట్టలు: "రోజూ" 1, "బేసి" 1, "సరి" 1, వారాల పేర్లు 7, తేదీలు 31. కొత్త వారం కార్డులు "రోజూ"లో. దాని వెనకటి రెండు వారాలవి బేసి, సరి. ఆ వెనకటి అయిదు వారాలవి సోమవారం నుంచి శుక్రవారం దాకా పంచి. అంతకంటే పాతవి తేదీల్లో.

24వ వారంలో చూస్తే రోజూ 7, బేసి-సరి 14లో రోజుకి 7, వారాల 35లో రోజుకి 7, మిగిలిన 112 కార్డులు నెలకి పంచితే రోజుకి 4. మొత్తం 25 కార్డులు, ఎనిమిదిన్నర నిమిషాల లోపు. కొత్త ఏడింటిని ఇంకో మూడుసార్లు అనిపించినా పదహారు నిమిషాలు దాటదు. దీనికోసం లాటిన్ తీసేయక్కర్లేదు.

చెడగొట్టేవి రెండు. వారం అయిపోయింది కదా అని, రాని కార్డుని కూడా వెనక్కి జరపడం. తడబడిన కార్డు మళ్లీ "రోజూ"లోకే రావాలి, మినహాయింపు లేదు. రెండోది, జ్వరమొచ్చి వారం పోతే పోయిన తేదీలన్నీ ఒకే రోజు లాగించడం. వద్దు, ఇవాళ్టి తేదీ నుంచి ఎత్తుకోండి, తప్పిపోయినవి వచ్చే నెల ఎలాగూ వస్తాయి.

కారులో పాటల సీడీ పెడుతున్నాం అంటారు. వినడం వేరు, తీసి చెప్పడం వేరు. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వవేత్తలు చేసిన ప్రయోగంలో మళ్లీ మళ్లీ చదివినవాళ్లు అయిదు నిమిషాల తర్వాత ముందున్నారు. వారం తర్వాత చూస్తే చూడకుండా గుర్తుచేసుకున్నవాళ్లదే పైచేయి. సీడీ పెట్టండి, జవాబుకి ముందు పాజ్ నొక్కండి.

లెక్కల సార్

పెట్టె బాగుంది. ఒక చిన్న చేర్పు: టైమ్‌లైన్ ఏడు ఘట్టాలు కలిపి ఒకే కార్డుగా లెక్కేశారు, 20 సెకన్లలో అవదు, 40 వేసుకోండి. అయినా మీ వాదన పడిపోదు.

మాస్టర్ వద్దు

ఇంతకంటే పెద్ద జబ్బు మెమరీ మాస్టర్ అనే బిరుదు. ఏడాది మొత్తం ముక్కల్ని నాలుగు దఫాలు అప్పజెప్పాలి: ఇంట్లో పెద్దవాళ్లకి, బయటి పెద్దవాళ్లలో ఒకరికి, ట్యూటర్‌కి, ఆఖరుకి డైరెక్టర్‌కి. ఒక్క టైమ్‌లైనే 161 ఘట్టాలు. ఫిబ్రవరి వచ్చేసరికి చదవడం, రాయడం, బయట ఆడుకోవడం అన్నీ పక్కకి పోయి ఇల్లంతా అప్పజెప్పుడే. బిరుదు వచ్చాక పెట్టె మూత పడుతుంది, ఎండాకాలంలో సగం ఆవిరి. ఎబింగ్‌హౌస్ అనే మనస్తత్వవేత్త 1885లో అంకెలతో చూపించిన మరుపు ఇదేగా.

గుర్తుంచుకోండి, నార్త్ కరోలినా చట్టంలో హోమ్‌స్కూల్ అంటే రెండు కుటుంబాలకి మించని పిల్లలు. వారంలో ఒక పూట గ్రూపు బడి కాదు, బడి ఇంట్లోనే. ఏటా రాయించాల్సిన ప్రామాణిక పరీక్షలో చూసేది ఇంగ్లిష్ గ్రామర్, చదవడం, స్పెల్లింగ్, లెక్కలు. అందులో టైమ్‌లైన్ ఉండదు. చదవడం ఇంకా రాని పిల్ల చేత 161 ఘట్టాలు పలికించి మురిసిపోకండి. తొమ్మిదేళ్ల లోపు బిరుదు పోటీ ఆపేయండి. కావాలంటే ఒక్క సబ్జెక్టులో పెట్టుకోండి.

ఫ్రిస్కో ట్యూటర్

బిరుదు విషయంలో మీతోనే ఉన్నాను బ్రదర్. అది పిల్ల అడిగితే, అమ్మ అడిగితే కాదు.

సండేస్కూల్ టీచర్, గుంటూరు

ప్రైజ్ ద లార్డ్. ఏడింటి గొడవలో బైబిలు వాక్యాన్ని అదనంగా తోకలో పెట్టేశారు, అదే నాకు నచ్చలేదు. ఇక్కడ మేం కంఠత వాక్యం నేర్పే తీరు చెప్తాను, పనికొస్తే వాడుకోండి.

రెఫరెన్సు ముందొకసారి, వెనకొకసారి: "కీర్తనలు 23:1, యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు, కీర్తనలు 23:1." వెనక చెప్పించకపోతే రెండు వారాలకే అంకెలు ఎగిరిపోతాయి. అక్కడ పుట్టిన పిల్లలకి "లేమి" తెలియదు. ముందే ఖాళీ బియ్యం డబ్బా మూత తీసి చూపించండి: ఇదీ లేమి. పాత ఇంగ్లిష్ తర్జుమాలో ఆ చోట "వాంట్" అని ఉంటుంది. దాంతో పిల్లలు "కాపరి నాకు వద్దు" అని అర్థం చేసుకుంటారు. ఈ ఒక్కచోట తెలుగే తేట. గ్రూపులో ఒక తర్జుమా, సండేస్కూల్లో ఇంకోటి, ఇంట్లో తెలుగు అయితే మూడూ కలగాపులగం. కార్డుకి ఒకవైపు తెలుగు, రెండోవైపు ఇంగ్లిష్ ఒక్క తర్జుమా, అంతే.

కేరీ అమ్మ

అందరికీ థాంక్స్. ఇవాళ కూర్చుని ఇలా వేశాం. 4-6 తరగతిలో మొదటి ఆరు వారాలు: వాక్యం ముందు, తర్వాత లెక్కలు, భూగోళం, మధ్యలో నిలబడి టైమ్‌లైన్, తర్వాత చరిత్ర, సైన్సు. ఇంగ్లిష్ గ్రామర్ చదవడం వచ్చినవాళ్లకే. లాటిన్ తోకల బదులు తెలుగు ఇళ్లవాళ్లకి విభక్తులు, మిగతావాళ్లకి పువెల్ల పట్టిక. ఇంటికొక పెట్టె. మెమరీ మాస్టర్ తొమ్మిది దాటాకే. ఏడో వారం మొదట్లో లెక్కల సార్ చెప్పినట్టు మధ్యలోంచి అడిగి చూస్తాం, సబ్జెక్టుకి మూడు ప్రశ్నలు. సగం మందికి రానిది ఆపేస్తాం.

భాషాభిమాని

విభక్తులు ప్రథమ, ద్వితీయ, చతుర్థి, షష్ఠి చాలు మొదటి ఏడాదికి. "కూర్చి, గురించి" లాంటివి ఇప్పుడే ఎక్కించకండి.

ఫ్రిస్కో ట్యూటర్

పటం గోడకి కట్టేటప్పుడు దాని నడిమి భాగం పిల్లల కళ్లకి సమంగా ఉండేలా చూడండి సిస్టర్. పెద్దల ఎత్తులో కడితే నాలుగేళ్లవాళ్ల వేలు అంటార్కిటికా దాటి పైకి పోదు.