టెక్సాస్ డ్రైవింగ్ లైసెన్స్‌తో కొలరాడోలో రైఫిల్ కొనొచ్చా?

ప్రశ్న (డల్లాస్ నుంచి): నాకు గ్రీన్‌కార్డ్ ఉంది, వయసు 34. వచ్చే వారం డెన్వర్‌లో మా బావ వాళ్లింటికి వెళ్తున్నాం. అక్కడి షాపులో వేటకు వాడే బోల్ట్ యాక్షన్ రైఫిల్ మంచి ధరకు ఉంది. వేరే రాష్ట్రం వాళ్లకు అమ్మరని కొందరు, అమ్ముతారని కొందరు అంటున్నారు. "నా పేరున కొనేస్తా, డబ్బులు నువ్వు పంపు" అంటున్నాడు బావ. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ బావగారి ఐడియా వదిలేయండి. షాపులో నింపే 4473 ఫారంలో "అసలు కొనేది మీరేనా" అని అడుగుతారు. మీ డబ్బుతో కొంటూ ఆయన అవునని సంతకం పెడితే అది నేరం. మీరు కొనడానికి అర్హులే అయినా సరే. 2014లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన అబ్రామ్‌స్కీ కేసు అచ్చం ఇదే. అబ్రామ్‌స్కీ అనే అతను పెన్సిల్వేనియాలో ఉన్న తన అంకుల్ పంపిన చెక్కుతో వర్జీనియాలో తుపాకీ కొన్నాడు. తర్వాత డీలర్ ద్వారానే అంకుల్‌కి అందించాడు, అయినా శిక్ష తప్పలేదు. డీలర్ లేకుండా బావగారు మీ చేతికే ఇచ్చేస్తే అది ఇంకో నేరం. సరదాగా వేటకెళ్లడానికి ఆయన తుపాకీ కొద్దిరోజులు అరువిస్తే మాత్రం ఇబ్బంది లేదు.

ఇక మీరే కొనడం. హ్యాండ్‌గన్ అయితే సొంత రాష్ట్రంలోని డీలర్ దగ్గరే తీసుకోవాలి. రైఫిల్, షాట్‌గన్ అలా కాదు. 1986లో ఫెడరల్ తుపాకుల చట్టాన్ని సవరించిన తర్వాత ఏ రాష్ట్రంలోనైనా లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర నేరుగా కొనొచ్చు, కాకపోతే రెండు రాష్ట్రాల చట్టాలూ ఒప్పుకోవాలి. మీకు అడ్డొచ్చేది ఇక్కడే. కొలరాడోలో 2023 అక్టోబర్ నుంచి బ్యాక్‌గ్రౌండ్ చెక్ పాసైనా మూడు రోజులు ఆగితే గానీ తుపాకీ చేతికివ్వరు. శనివారం కొని ఆదివారం ఫ్లైట్ ఎక్కుతానంటే కుదరదు.

నా సలహా: డబ్బు కట్టి, డల్లాస్‌లో ఒక ఎఫ్‌ఎఫ్‌ఎల్ (ఫెడరల్ లైసెన్స్ ఉన్న) డీలర్‌కి పంపమనండి. ఫారం, బ్యాక్‌గ్రౌండ్ చెక్ డల్లాస్‌లోనే అవుతాయి. ట్రాన్స్‌ఫర్ ఫీజు పడుతుంది, టెన్షన్ ఉండదు. గ్రీన్‌కార్డ్‌తో పాటు ఇప్పటి అడ్రస్ ఉన్న డ్రైవింగ్ లైసెన్స్ తీసుకెళ్లండి. ఇల్లు మారి లైసెన్స్ మార్చుకోకపోతే కొత్త అడ్రస్ ఉన్న కారు రిజిస్ట్రేషన్ కూడా పట్టుకెళ్లండి. చాలామంది దీని దగ్గరే ఆగిపోతారు.

మరో సభ్యుడు (న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి): అన్నా, నాది హెచ్1బీ. హంటింగ్ లైసెన్స్ తీసుకుంటే చాలు, పెన్సిల్వేనియాలో కొనొచ్చని మా రూమ్మేట్ అంటున్నాడు, నిజమేనా?

జవాబు: సగం నిజం తమ్ముడూ. హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరమే, తూటాలతో సహా. అమెరికాలోని ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. షాపువాళ్లు కొనే రోజున లైసెన్స్ చూసి ఊరుకుంటారు. అది ఎక్స్‌పైర్ అయ్యాక కూడా రైఫిల్ నీ ఇంట్లో ఉంటే ఆ తలనొప్పి నీది. తుపాకీ కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపించేయడానికి అదొక్కటే చాలు. పైగా మీ న్యూజెర్సీలో రైఫిల్‌కి కూడా పోలీసుల ద్వారా వచ్చే ఎఫ్‌పీఐడీ (తుపాకీ కొనేవాళ్ల గుర్తింపు) కార్డు కావాలి, పెన్సిల్వేనియా డీలర్ కూడా అది చూడాల్సిందే. వీసా ఫైల్ చేసిన లాయర్‌ని అడగకుండా షాపు గుమ్మం ఎక్కకు.

డల్లాస్ నుంచి: థాంక్స్ అన్నా. మూడు రోజులు ఆగి తీసుకుంటే ఫ్లైట్‌లో తేవచ్చా?

జవాబు: తేవచ్చు, చెక్‌ఇన్ బ్యాగేజీలోనే. తూటాలు తీసేసి, గట్టి కేసులో పెట్టి తాళం వేసి, బ్యాగులో తుపాకీ ఉందని చెక్‌ఇన్ కౌంటర్‌లోనే చెప్పాలి. ఎయిర్‌లైన్ రూల్స్ ముందే చూసుకోండి.

డల్లాస్ నుంచి: షిప్పింగే చేయిస్తా. బావకి ఇప్పుడే ఫోన్ చేసి వద్దని చెప్పేశా.